కోమా ఎంతకాలం? వైద్యం నేర్చుకున్న పాఠం

కోమా అంటే కళ్లు మూసుకుని, ఎంత పిలిచినా గిల్లినా లేవని స్థితి. మెదడులో మెలకువను నిలిపే భాగాలు దెబ్బతినడమో, వాటి పని ఆగిపోవడమో ఇందుకు కారణం. ఈ స్థితి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి సాగదు. ఆలోగా రోగి తేరుకుంటారు, లేదా మరణిస్తారు, లేదా కళ్లు తెరిచినా స్పృహ రాని మరో దశకు చేరతారు. ఈ దశలను విడివిడిగా గుర్తించడం 20వ శతాబ్దం రెండో సగంలోనే సాధ్యమైంది.

అంతకుముందు లోతైన కోమాలోకి వెళ్లినవారిలో చాలామంది శ్వాస ఆగిపోయో, మింగలేకో, ఊపిరితిత్తులకు జబ్బు చేసో కొద్ది రోజుల్లోనే కన్నుమూసేవారు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. అప్పుడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్‌సెన్ రోగుల గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం ద్వారా గాలి అందించాడు. వైద్య విద్యార్థులు రాత్రింబవళ్లు వంతులవారీగా చేత్తో గాలి సంచులు నొక్కారు. నేటి ఐసీయూలకు పునాది అక్కడే పడింది.

శ్వాసను యంత్రం నిలపగలిగాక కొత్త ప్రశ్నలు పుట్టాయి. మెదడు పని పూర్తిగా ఆగిపోయిన రోగులను 1959లో పారిస్ వైద్యులు మోలారే, గూలోన్ వర్ణించారు. 1968లో హార్వర్డ్ సంఘం ఆ స్థితిని గుర్తించే ప్రమాణాలు ప్రకటించింది. అదే బ్రెయిన్ డెత్. దాని నుంచి తేరుకోవడం ఉండదు. 1972లో బ్రయాన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ మరో స్థితికి ‘వెజిటేటివ్ స్టేట్’ అని పేరు పెట్టారు. ఇందులో నిద్రా మెలకువా వస్తూ పోతూ ఉంటాయి, ఎరుక మాత్రం ఉండదు. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973 నుంచి 2015 వరకు నర్సుల సంరక్షణలో జీవించిన అరుణా శాన్‌బాగ్‌ది 42 ఏళ్ల కోమా అని వార్తల్లో రాశారు. నిజానికి ఆమెది ఈ స్థితే.

ఒకే రోగిని ఒక వైద్యుడు ‘మగత’ అంటే మరొకరు ‘కోమా’ అనే అయోమయాన్ని తీర్చడానికి 1974లో గ్రాహం టీస్‌డేల్, జెన్నెట్ గ్లాస్గో కొలమానం రూపొందించారు. కళ్లు తెరవడం, మాట్లాడడం, కాళ్లూ చేతులూ కదిలించడం చూసి మార్కులు వేస్తారు. ఇప్పుడు వాడుతున్న రూపంలో మొత్తం 15, కనిష్ఠం 3. 8 లేదా అంతకు తగ్గితే పరిస్థితి తీవ్రమని భావిస్తారు.

కోలుకునే అవకాశాన్ని నిర్ణయించేవాటిలో ముఖ్యమైనది కారణం. రక్తంలో చక్కెర పడిపోవడం, మందులు మోతాదు మించడం వల్ల వచ్చిన కోమా సకాలంలో చికిత్స అందితే పూర్తిగా తగ్గవచ్చు. గుండె ఆగి మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నష్టం మెదడంతటా వ్యాపిస్తుంది. గాయమైన నెల తర్వాత కూడా వెజిటేటివ్ స్థితిలోనే ఉన్న పెద్దవారిలో 52 శాతం మందికి ఏడాదిలోగా స్పృహ వచ్చిందని 1994లో అమెరికా వైద్య సంఘాల సమీక్ష తేల్చింది. గాయం కాక ఇతర కారణాలున్నవారిలో అది 15 శాతమే. వయసు, కంటిపాపలు వెలుగుకు స్పందించే తీరు, కోమా లోతు, అది సాగిన కాలం కూడా లెక్కలోకి వస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు, పడక పుండ్లు రాకుండా చూసే నర్సుల శ్రద్ధ, సరైన పోషణ, ఫిజియోథెరపీ కూడా ఫలితాన్ని మారుస్తాయి.

2002లో అరకొర స్పృహ ఉండే స్థితికి వేరే ప్రమాణాలు వచ్చాయి. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం వెజిటేటివ్ స్థితిలో ఉందనుకున్న ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. స్కానింగ్‌లో ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. 2018లో అమెరికా నాడీ వైద్యులు ‘శాశ్వత’ అనే మాటను వదిలి ‘దీర్ఘకాలిక’ అన్నారు. గాయమైన తొలి 28 రోజుల్లో ఇక ఆశ లేదని కుటుంబానికి చెప్పరాదని మార్గదర్శకాల్లో రాశారు.