వంటచెఱకు తూకము, వెల

కౌటిల్యుని యర్థశాస్త్రమున తూనికలను, కొలతలను దెలుపు ప్రకరణములో నొక చిన్న లెక్క కలదు. ఇరువదియైదు పలముల కట్టె యొక ప్రస్థము బియ్యమును వండుటకు సాధన మగునని యాతడు చెప్పెను. ఎక్కువకుగాని తక్కువకుగాని దీనినే ప్రమాణముగా గ్రహింపవలెననియు సూచించెను. 1909లో శామశాస్త్రిగారు ఈ గ్రంథమును ముద్రించి లోకమునకు వెల్లడించిన పిమ్మట గూఢచారులను గూర్చియు, మండలసిద్ధాంతమును గూర్చియు మనవారు వ్రాసిన వ్యాసములకు లెక్క లేదు. ఈ కట్టెల మాటను పట్టించుకొన్నవా రరుదు. పండితులు వంటయింటి వైపు తొంగిచూడకపోవుట మన దేశమున నేటి సంగతి కాదు గదా!

కాని యా చిన్న లెక్కలో గొప్ప వివేక మున్నది. కట్టెకు బరువు కలదు. ఆ బరువునకు వంటతో సంబంధము కలదు. పాలకుడైనవా డా సంబంధము నెఱిగి యుండవలెను. ఆతడు కట్టెను తూచినది రాతితో గాదు, అన్నముతో. మన యంగళ్ళలో నీ సంబంధము తెగిపోయినది. దాని నష్టము నెవరు భరించిరో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములను దృష్టియందుంచుకొని కొంత విచారింతును.

వంటచెఱకు మన యూళ్ళలో మూడు విధముల నమ్ముడుపోయెడిది: మోపు, బండి, మణుగు. మోపున కొలత మోయుదాని మెడబలము. బండిలో కొలత బండివాని పేర్పు. వంకర తుమ్మకొమ్మలను నేర్పుగా నెత్తి కట్టినచో బండి నిండుగా గనబడును. లోపల నుండునది సగము గాలి. ఈ చిక్కు మన కొక్కరికే కలుగలేదు. ఫ్రాన్సు దేశమున విప్లవానంతరము 1795లో నూతన మానములను నిర్ణయించినపుడు, కట్టెలకై ప్రత్యేకముగా స్టేరు అను పేర ఘనమీటరు కొలతను విధించిరి. ఇంగ్లీషువారికి 128 ఘనపుటడుగుల కార్డు కలదు. కొలత చట్టబద్ధ మైనంతమాత్రమున గాలి బయటికి పోలేదు. చక్కగా పేర్చిన దొంతరలో సైతము మూడవవంతునకు సమీపముగా సందులే యుండును.

ఇక మణుగు. కోదాడ నిజాము రాజ్యమున తూర్పు సరిహద్దు ప్రక్కనుండిన యూరు. కొంతదూరము పోయిన నాటి కృష్ణాజిల్లాలోని జగ్గయ్యపేట. అది మద్రాసు రాజధానికి జెందినది. మద్రాసు మణుగు 25 పౌన్లు, అనగా 11 కిలోలకు గొంచె మెక్కువ. నలుబది సేర్ల పక్కా మణుగు 37 కిలోలు దాటును. పేరొక్కటే, బరువు మూడింతలకు పైన. నాణెముల సంగతియు నట్టిదే. ఇటు హాలీసిక్కా, అటు కలదారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదారు రూపాయలు. కావున సరిహద్దున మణుగు కట్టె యెంతయని యడుగుటకు ముందు ఏ మణుగు, ఏ రూపాయి యని రెండు ప్రశ్నలు వేయవలసి యుండెను. చదువురానివాడు ఆ ప్రశ్నలు వేయడు. వేయడని యమ్మువానికి దెలియును.

1956లో తూనికల చట్టము వచ్చినది. 1957లో నయాపైసలు, 1958 నుండి క్రమముగా కిలోగ్రాములు వచ్చినవి. 1959లో హాలీసిక్కా చెలామణి ముగిసినది. ఇది నిజమైన సంస్కరణము. ఏ యూరనైనను కిలో కిలోయే. కాని యీ చట్టము త్రాసును సరిదిద్దినదే గాని త్రాసులో బెట్టిన వస్తువును బరీక్షింపలేదు. కట్టెలో నీరు కలదు.

నా చిన్ననాట మా తల్లితో కట్టెల అడితికి బోయిన జ్ఞాపక మున్నది. ఆమె రెండు కట్టెలను దీసి యొకదానితో నొకటి కొట్టి చూచెడిది. ఎండినది ఖంగున మ్రోగును. పచ్చిది మొద్దుగా బలుకును. వానకాలమున నే కట్టెయు మ్రోగెడిది కాదు. ఆమె వెల తగ్గింపుమనిన అడితివాడు నవ్వి, కాటా యబద్ధ మాడదనెడివాడు. మా తండ్రిగారును పడికట్టు రాళ్ళను మాత్రము పరిశీలించి, తూకము సరిగానే యున్నదని తీర్పు చెప్పెడివారు. ఇరువురును నిజమే పలికిరి. అయినను మోసపోయినది మా యిల్లే.

ఎట్లో చూడుడు. అప్పుడే నరికిన తుమ్మకట్టె నూరు కిలోలలో నలుబది కిలోలు నీరని యనుకొందము. మిగిలిన యరువది కిలోలే మండు పదార్థము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయు నుష్ణమును కిలోక్యాలరీ యందురు. మండు పదార్థము కిలో యొక్కంటికి సుమారు 4,500 కిలోక్యాలరీల నిచ్చును. కట్టెలోని ప్రతి కిలో నీటిని ఆవిరిచేయుటకు సుమారు 600 వ్యయమగును. ఈ లెక్కను బట్టి పచ్చికట్టె కిలోకు దక్కునది దాదాపు 2,460. అదే కట్టె యెండి డెబ్బదియైదు కిలోలైనపుడు దానిలో నింకను పదునైదు కిలోల నీరుండును. అయినను కిలోకు 3,480 లభించును. కాబట్టి పచ్చికట్టె వెల పది రూపాయలైనచో ఎండుకట్టె పదునాలుగు రూపాయలు చేయును. రెంటికి నొకే ధర పలికినచో పచ్చికట్టె కొన్నవాడు నీటికి వెల యిచ్చినాడు. కట్టెలను వేసవిలోనే కొని యెండబెట్టి దాచుకొనగల సంపన్నునకు ఈ నష్టము లేదు. ఏపూట కూలి ఆపూట తెచ్చుకొని, సాయంకాలము మోపు కొను పేదవాడే యేడాది పొడవునను నీటిని గొనుచుండెను. తక్కువ డబ్బుండుటవలన ఎక్కువ వెల యిచ్చుట పేదరికపు విచిత్ర లక్షణము.

ఇంతవరకు వెల కట్టిన కట్టె. వెల లేని కట్టె మాట వేఱు. నైజాము తెలంగాణమున గడీలకు, సంచారమునకు వచ్చిన యధికారుల మకాములకు కట్టెలు కొట్టి మోయుట వెట్టిలోని పని. మణుగు లేదు, సేరు లేదు, కూలి లేదు. 1921లో నేర్పడిన ఆంధ్రజనసంఘమును, మాడపాటి హనుమంతరావుగారును వెట్టిని గూర్చి ప్రజలకు దెలుపుటకు బూనుకొనిరి. బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను దేవరకొండలో 1931లో నాంధ్రమహాసభ జరిగినది. రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను 1941లో జరిగినది కోదాడకు సమీపమున నున్న చిలుకూరిలోనే. ఆ సభలలో వినబడిన వెట్టి నిర్మూలన వాదము 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమున ఇరువది మూడవ అధికరణమై నిలిచినది. ఊరక వచ్చిన కట్టెను ఎండినదా, పచ్చిదా యని యెవ్వరు పరీక్షింతురు? ఎవ్వరు పొదుపుగా గాల్తురు? వెల యెఱుగని యింధనమునకు మితియు నుండదు.

వెట్టి పోయినది, కాని దాని లెక్క మన యిండ్లలో మిగిలినది. పొలముగట్టున నేరుకొని వచ్చిన కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె, సర్కారుతుమ్మ ఊరక వచ్చినవని నేటికిని మగవారు చెప్పుదురు. గ్యాసు ప్రియమని యనునపుడు వారు పోల్చున దా యూరక వచ్చిన కట్టెతోనే. ఏరినవారెవరు, మోసినవారెవరు?

ఈ పోలికను ఒకసారి నిజాయితీగా జేయుదము. గృహావసరపు గ్యాసుబండలో 14.2 కిలోలుండును. కిలోకు సుమారు 10,900 కిలోక్యాలరీలు. మంచి పొయ్యిపై నందులో నూటి కరువది పాళ్ళు గిన్నెకు జేరును. అనగా మొత్తము దాదాపు 93,000. మూడురాళ్ళ పొయ్యిలో ఎండుకట్టె వేడిమిలో గిన్నెకు జేరునది నూటికి పండ్రెండు పాళ్ళనుకొన్నచో కిలోకు 420 మాత్రమే. తక్కినది గోడకు, గాలికి, కండ్లకు. ఈ లెక్కకు ఒక గ్యాసుబండ సుమారు 220 కిలోల యెండుకట్టెకు సమానము. కొన్నచో, కిలో అయిదు రూపాయలనుకొన్నను 1,100 రూపాయలు. కొనక తెచ్చినచో ఇరువది కిలోల మోపులు పదునొకండు. మోపునకు సగముదినము పట్టినను ఐదున్నర దినములు. ఆ దినములకు కూలి యెంతయో పాఠకులే తమ యూరి రేటును బట్టి లెక్కింపవచ్చును. ఊపిరితిత్తులలో జేరిన పొగకు వెల కట్టుట నాకు సాధ్యము గాదు.

తక్కిన యింధనములను గూర్చి రెండు మాటలు. పిడకకు డబ్బు ఖర్చు లేదనుట యింకొక భ్రమ. భారత వ్యవసాయమును పరిశీలించిన వోల్కరు 1893లో ప్రకటించిన నివేదికలోనే, రైతు పేడను గాల్చుటకు గారణము కట్టెల కొఱతయనియు, అందువలన పొలము ఎరువును గోలుపోవుచున్నదనియు వ్రాసినాడు. పిడక వెలను పొలము చెల్లించును. ఇల్లెందులో బొగ్గు దొరికినను అది యెక్కువగా రైళ్ళకు, యంత్రములకు బోయినదే గాని మన కుంపట్లకు రాలేదు. గ్యాసునూనెను కార్డుపై సీసాలతో గొలిచి పోసిరి. కొలత కచ్చితమే, దొరకుటయే కష్టము. ఇక సర్కారుతుమ్మ మన చెట్టు గాదు. 1877 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు ఇంధనపు కొఱత తీర్చుటకే పరదేశపు విత్తనములు దెప్పించి కడపజిల్లాలో మొలిపించిరి. అది కొఱతయు దీర్చినది, పొలములను, చెఱువులను నాక్రమించినది.

ప్రభుత్వములు గ్యాసు విషయమున శ్రద్ధ చూపలేదని యనజాలను. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము, 2024లో తెలంగాణమున 500 రూపాయలకు బండ నిచ్చు పథకము వచ్చినవి. బండ యింటికి వచ్చిన తరువాతను స్నానపు నీళ్ళకు వాకిట కట్టెలపొయ్యి వెలుగు నిండ్లను నేను ప్రతిదినము చూచుచున్నాను. కట్టె యూరకనే వచ్చునను లెక్క మారనంతకాలము ఆ పొయ్యి యారదు.

మిర్యాలగూడలో మాత్ర మీ లెక్క మఱియొక తీరున సాగినది. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువలకు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద వరి పెరిగినది; వరి వెంట మిల్లులు వచ్చినవి. ఉప్పుడు బియ్యమునకు ధాన్యమును ఆవిరిలో నుడికింపవలెను. ధాన్యపు బరువులో నైదవ వంతు ఊకయే. ఒకప్పుడు దిబ్బలుగా బోసి తగులబెట్టిన యా యూకను మిల్లువారు బాయిలరులో గాల్చి, ఆ వేడితోనే ధాన్యమును ఉడికించిరి. ఊక మిక్కిలి తేలిక; లారీ నిండినను బరువు తూగదు. కావున మిల్లువాడు లారీ యెత్తును జూచి వెల యీయడు. తడిసినదా, ఎండినదా యని పిడికిట బట్టి చూచును. ఎంత యూకతో నెన్ని బస్తాల ధాన్య ముడికెనో పుస్తకమున వ్రాసికొనును. ఇరువదియైదు పలముల కట్టె, ప్రస్థము బియ్యము అనిన పాతలెక్క ఇదియే.

అదే మిల్లులో పనిచేయు స్త్రీలు పొద్దు గ్రుంకినపుడు ఇండ్లకు బోవుచు దారిలో కంపపుల్లలు విఱుచుకొని కట్టగట్టుదురు. ఆ కట్ట బరువు ఏ పుస్తకమునను లేదు.