సువాస్
సువాస్ అనేది సుప్రీంకోర్టు తీర్పులను ఇంగ్లీషు నుంచి భారతీయ భాషల్లోకి అనువదించే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్. 2019 నవంబరులో ప్రారంభమైంది. తొలి విడత భాషల్లోనే తెలుగు ఉంది. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో సాగుతాయి. అందువల్ల భూమి తగాదాలో గెలిచిన రైతుకు సైతం తాను ఎందుకు గెలిచాడో వకీలు చెబితే తప్ప తెలియని పరిస్థితి. ఇది చిన్న లోటు కాదు.

యంత్రం ఇచ్చిన ముసాయిదాను అనువాదకులు సరిదిద్దుతారు. ఈ దశ లేకుంటే ప్రమాదమే: ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే కోర్టు భాషలో అప్పీలుకు అనుమతి, మాటకు మాట పెడితే ‘సెలవు మంజూరు’ అవుతుంది. ‘ప్లెయింటిఫ్’ (వాది), ‘డిక్రీ’, ‘స్టే’ వంటి ఇంగ్లీషు మాటలకు తీర్పు తీర్పుకూ ఒకే పదం వాడటమూ అంతే ముఖ్యం. అనువాదం కక్షిదారు అవగాహన కోసమే; అమలుకు ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం.