ముష్టియుద్ధానికి వెల కట్టేదెవరు?



నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే నుమాయిష్‌కు వెళ్ళినవారందరూ ఎరిగిన సంగతి ఒకటున్నది. ద్వారం దగ్గర కొన్న టికెట్టు లోపలికి పోవడానికి మాత్రమే. లోపల ‘మౌత్ కా కువా’లో, చెక్కబావి గోడలమీద మోటారు సైకిలు తిరగడం చూడాలంటే మళ్ళీ వేరే టికెట్టు కొనాలి. టెలివిజన్‌లో ‘పే పర్ వ్యూ’ అనే పద్ధతి సరిగ్గా ఇట్టిదే. నెలనెలా చందా కట్టేవాడే, ఒక రాత్రి జరిగే ఒక్క పోటీ కోసం మరల ప్రత్యేకంగా రుసుము చెల్లిస్తాడు. అమెరికాలో ఈ పద్ధతికి ఊపిరి పోసిన క్రీడలలో ముష్టియుద్ధం, అనగా బాక్సింగ్, ముఖ్యమైనది. రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తలపడుతూనే ఉంటారు గదా! వాటిలో ఏ పోటీకి ఇంతటి వెల పలుకుతుంది, ఎందుకు పలుకుతుంది అన్నది విచారింపదగిన విషయం.

మా తరంవారికి బాక్సింగ్ కంటికంటె ముందు కాగితం మీద పరిచయమైంది. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చినదే 1977లో. అబిడ్స్‌లో ఆదివారంనాడు మూసిన దుకాణాల ముందు పరచిన పాత పుస్తకాల నడుమ దొరికే విదేశీ పత్రికలలో మహమ్మద్ అలీ బొమ్మలు చూసి మురిసిపోయినవారిలో నేనూ ఒకణ్ణి.

1971 మార్చి 8న న్యూయార్కులో అలీ, జో ఫ్రేజియర్ తలపడ్డారు. అప్పటికి ఇద్దరూ ఓటమి ఎరుగనివారే. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో అలీ బిరుదును ఊడబెరికారు. ఆ తరువాత ఆ పీఠం ఎక్కినవాడు ఫ్రేజియర్. ఇద్దరిలో అసలు విజేత ఎవరన్న ప్రశ్నకు నాలుగేండ్లుగా జవాబు లేదు. పైగా యుద్ధాన్ని కాదన్నవారు అలీ వైపు, అతడు దేశద్రోహి అన్నవారు ఫ్రేజియర్ వైపు చేరి, దేశమే రెండుగా చీలింది. ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్ల పారితోషికం! ఇంకా ఇంటింటికీ అమ్మే సౌకర్యం లేదు కనుక, సినిమా హాళ్ళలో తెరమీద ప్రత్యక్షంగా చూపి టికెట్లు అమ్మారు. ఆ రాత్రి 15 రౌండ్ల తరువాత ఫ్రేజియర్ గెలిచాడు.

ఈ కిటుకు మనకు కొత్తది కాదు. ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని తరగతిలో చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవారు. అర్జునుడు ఒక్కడే విద్య చూపినంతసేపు అది ప్రదర్శన మాత్రమే. కర్ణుడు రంగంలో అడుగుపెట్టి ద్వంద్వయుద్ధం కోరగానే సభ రెండు పక్షాలైంది. అంతలో కృపాచార్యుడు లేచి కర్ణుని కులగోత్రాలు అడిగాడు. దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెట్టాడు, భీముడు ఎగతాళి చేశాడు, పొద్దు క్రుంకింది. పోరు మాత్రం జరగలేదు. అది తెగడానికి కురుక్షేత్రంలో పదిహేడవ రోజు దాకా ఆగవలసివచ్చింది. సమానమైన బలం, చీలిన సభ, తెగని ప్రశ్న, సాగిన నిరీక్షణ: అమ్మకందారు వెదికేవి ఈ నాలుగే.

అయితే నిరీక్షణ పెరిగినకొద్దీ వెల పెరుగుతుంది గాని, పోరు నాణ్యత పెరగాలని లేదు. ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పకియావో పోటీకి 2009లో మొదలైన బేరాలు అప్పట్లో కుదరలేదు. చివరకు 2015 మే 2న లాస్ వేగాస్‌లో వారు తలపడినప్పుడు అమెరికాలో సుమారు 46 లక్షల కొనుగోళ్ళు జరిగాయి. ఇంటికి వంద డాలర్లకు అటూఇటూగా ధర. తీరా చూస్తే ఇద్దరూ వయసు మీరినవారు. మేవెదర్ ఒడుపుగా తప్పించుకుంటూ గెలిచాడు. చూసినవారిలో చాలామంది పెదవి విరిచారు. సొమ్ము మాత్రం ముందే వసూలైంది.

ఇక మన ఇంటి సంగతి. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు, 51 కిలోల విభాగంలో, ఎంపిక పోటీ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలని బాక్సింగ్ సమాఖ్య తలచింది. మేరీ సామాన్యురాలు కాదు. ఆరుసార్లు ప్రపంచ విజేత. నిఖత్ క్రీడామంత్రికి లేఖ రాసి న్యాయమైన ఎంపిక పోటీ పెట్టమని అడిగింది. అసలీ నిఖత్ ఎవరని మేరీ అడిగినట్లు ఆనాటి పత్రికలు రాశాయి. నాకు వెంటనే కృపాచార్యుడు గుర్తుకువచ్చాడు.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఆ పోటీ జరిగింది. మేరీ 9–1 తేడాతో గెలిచింది. తరువాత చేయి కూడా కలపలేదు. దేశమంతా రెండుగా చీలి వాదించుకున్న ఆ పోటీని ఎవరూ పే పర్ వ్యూలో అమ్మలేదు. ఓడిన నిఖత్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది.

ఇక్కడ గమనింపవలసినది ఒకటున్నది. అమ్మకందారు చేతిలో ఉంటే 2019లో నిఖత్‌కు ఆ రింగులో చోటు దొరికేదా? పేరున్నవారి పోరుకే వెల. పోరాడనిదే పేరు రాదు. ఈ చిక్కుముడిని విప్పేది బజారు కాదు, అందరికీ ఒకటే అయిన నియమం. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని మన దేశంలో 2007లో చట్టం చేశారు. చూసేవాడి హక్కుకు అది కొంత రక్ష. ఆడేవాడి హక్కుకు న్యాయమైన ఎంపిక పోటీయే రక్ష. గొప్ప పోరుకు వెల కట్టుకోవచ్చు, తప్పు లేదు. కాని రంగంలో అడుగుపెట్టే అర్హతకు వెల కట్టరాదు, కులగోత్రాలూ అడగరాదు.

ఈ విషయమై మీ అభిప్రాయాలు తెలియజేస్తే సంతోషిస్తాను.