లైనక్స్ సర్వర్‌లో పర్మిషన్లు: 777 పెట్టే ముందు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణమైనా, ప్రకాశం జిల్లాలో పత్తి వ్యాపారమైనా ఖాతా పుస్తకం అందరి చేతికీ ఇవ్వరు. రాసేది గుమస్తా, తనిఖీ చేసేది ఆడిటర్. అవే లెక్కలు లైనక్స్ సర్వర్‌లో పెడితే ఈ కట్టుబాటును కాపాడేవి పర్మిషన్లే.

ప్రతి ఫైల్‌కీ మూడు వర్గాలుంటాయి: ఓనర్, గ్రూపు, మిగతావాళ్లు. ఒక్కో వర్గానికి మూడు హక్కులు: చదవడానికి 4, రాయడానికి 2, ప్రోగ్రామ్‌గా నడపడానికి 1. ఇచ్చిన హక్కుల అంకెలు కూడితే సరి. 640 అంటే ఓనర్ చదవొచ్చు, రాయొచ్చు. గ్రూపు చదవడం వరకే. మిగతావాళ్లకు ఏమీ లేదు.

ఫోల్డర్ సంగతి వేరు. అక్కడ 4 ఉంటే లోపలి ఫైళ్ల పేర్లు చూడొచ్చు, 1 ఉంటే లోపలికి వెళ్లొచ్చు. 2, 1 రెండూ ఉంటే ఫైళ్లు చేర్చొచ్చు, తీసేయొచ్చు. కాబట్టి ఫైల్‌కి 640 పెట్టి ఫోల్డర్‌ని 777లో వదిలేస్తే లాభం లేదు. ఆ ఫైల్‌ని చదవలేనివాడు కూడా దాన్ని తీసేసి, అదే పేరుతో దొంగ ఫైల్ పెట్టగలడు.

'పర్మిషన్ డినైడ్' అని రాగానే చాలామంది 777 కొట్టేస్తారు. పని నడుస్తుంది, నిజమే. కానీ ఆ సర్వర్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా, అందులో జొరబడిన ఏ ప్రోగ్రామైనా రైతు పట్టీలో తూకం, ధర మార్చేయొచ్చు. నష్టపోయేది రైతు, మాట పడేది దుకాణం.

సరైన వరుస ఇది:

1. 'ఎల్ఎస్ -ఎల్' కమాండ్‌తో ఓనర్ ఎవరు, గ్రూపు ఏది అని చూడాలి.

2. తప్పుగా ఉంటే అడ్మిన్ హక్కులతో 'చౌన్' కమాండ్ వాడి గుమస్తాని ఓనర్‌గా, ఆడిటర్ ఉన్న గ్రూపుని గ్రూపుగా పెట్టాలి.

3. 'సీహెచ్‌మాడ్' కమాండ్‌తో ఫైళ్లకు 640, ఫోల్డర్లకు 750 ఇవ్వాలి. 1971 నాటి మొదటి యూనిక్స్ నుంచి ఉన్న కమాండ్ ఇది.

4. పెద్ద 'ఆర్' జత చేస్తే మార్పు లోపలున్న అన్నిటికీ పాకుతుంది. అలా అన్నిటికీ 640 పెడితే ఫోల్డర్లలోకి ఓనర్ కూడా వెళ్లలేడు. ఫైళ్లకు, ఫోల్డర్లకు విడివిడిగా ఇవ్వాలి.

చివరగా ఆడిటర్ లాగిన్‌తో ఒకసారి పరీక్షించండి. ఫైల్ తెరుచుకోవాలి, మార్పు మాత్రం సేవ్ కాకూడదు.