వడ్రంగి వెళ్లిపోయాడట!

టీవీలో ఏళ్ల తరబడి నడిచిన సీరియల్ అయిపోతే మనమేం చేస్తాం? "అమ్మయ్య, ఆ అత్తగారి పీడ విరగడైంది" అని ఒకరంటే, "ఇక రాత్రి ఎనిమిదింటికి ఏం చూడాలే తల్లీ" అని ఇంకొకరు నిట్టూరుస్తారు. వారం తిరిగేసరికి ఇంకో అత్తగారు రానే వస్తుంది. పాతావిడ ఊసే ఉండదు.

కోడలూ లేదు, కన్నీళ్లూ లేవు, పాటలసలే లేవు. ఒక మనిషి అరగంట సేపు చెక్క కోసి బల్లలూ బీరువాలూ చేస్తాడు. అలాంటి కార్యక్రమం ఆగిపోయిందని జనం దిగులుపడ్డారంటే నమ్ముతారా?

బోధన్ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ మా పెదనాన్న కొడుకు 2009లో ఓ రోజు ఫోన్ చేసి, "చెల్లే, మా టీవీ వడ్లాయన పని ఇడిచిపెట్టిండు" అన్నప్పుడు నాకు ముందు నవ్వే వచ్చింది. ఆయన జన్మలో ఒక్క పీట చేసిన పాపాన పోలేదు మరి!

ఆ వడ్లాయన పేరు నార్మ్ ఏబ్రమ్. కార్యక్రమం పేరు 'ద న్యూ యాంకీ వర్క్‌షాప్'. దాని వెనక ఉన్నాయన రస్సెల్ మోరాష్ అని బోస్టన్ టీవీ కేంద్రపు దర్శక నిర్మాత. 1963లో జూలియా చైల్డ్ అనే ఆవిడ చేత టీవీలో వంట చేయించింది ఈయనే. తర్వాత తోటపని చూపించాడు. 1979లో పాత ఇళ్లు బాగుచేసే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఎవరి పని వాళ్లే చేస్తూ చూపించాలి, వేషగాళ్లు వద్దు అన్నది ఆయన పట్టుదల.

నార్మ్‌ని ఆయన పట్టుకున్న తీరు భలే ముచ్చటగా ఉంటుంది. మోరాష్ ఇంటి దొడ్లో నార్మ్ కొట్టం లాంటిదొకటి కడుతున్నాడట. మోరాష్ చూసింది కట్టడాన్ని కాదు, పక్కనున్న చెత్త కుప్పని. అంత పనికి అంత చిన్న కుప్పా అని ఆశ్చర్యపోయాడట. చెక్క వృథా చేయని వాడికి పని వచ్చినట్టే లెక్క. తండ్రి దగ్గర పని నేర్చుకున్న ఆ వడ్రంగి అలా టీవీకెక్కాడు. పదేళ్లు పాత ఇళ్ల కార్యక్రమంలో పనిచేశాక, 1989లో ఆయనకంటూ సొంత కార్యక్రమం వచ్చింది.

గళ్ల చొక్కా, గడ్డం, నడుముకు పనిముట్ల పటకా. ఏ వస్తువైనా ముందు ఒకటి చేసి చూసుకునేవాడు, తర్వాత కెమెరా ముందు రెండోది చేసేవాడు. కళ్లకు అద్దాలు పెట్టుకోండర్రా అని వారం వారం చెప్పేవాడు. ఇలా ఇరవై ఒక్క విడతలు నడిచింది. 2009 అక్టోబరులో ఇక కొత్తవి రావని చెప్పేశారు.

అభిమానులు ఊరుకుంటారా? "నా చేత మొదటి రంపం పట్టించింది ఆయనే" అన్నవాళ్లున్నారు. తండ్రి పక్కన కూర్చుని చూసిన శనివారాలు తలుచుకున్నవాళ్లున్నారు. దెప్పినవాళ్లూ లేకపోలేదు. ఆయన దగ్గరున్నన్ని మిషన్లుంటే మేమూ చేద్దుమన్నారు. చీటికీ మాటికీ మేకుల తుపాకీ పేలుస్తాడని వేళాకోళమాడారు. అంత మాట అనడానికీ చనువుండాలి కదండీ! పరాయివాణ్ణి ఎవరు వేళాకోళమాడతారు?

ఆ దేశంలోనే రాయ్ అండర్‌హిల్ అని ఇంకొకాయన కరెంటు జోలికే పోకుండా ఉలీ, రంపం, బాడిసెతో దశాబ్దాల పాటు పని చూపించాడు. అదీ 2017లో ముగిసింది. దానికీ ఇదే దిగులు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. దూరదర్శన్‌లో 1990లో మొదలైన 'సురభి' గుర్తుందా? సిద్ధార్థ కాక్, రేణుకా శహాణే కలిసి దేశంలోని చేతిపనులూ, ఆచారాలూ, వింతలూ చూపించేవారు. చివర్లో ఓ ప్రశ్న. జవాబు కార్డు మీద రాసి పంపాలి. 1993లో ఒక్క వారంలోనే పద్నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చి పడ్డాయి. పదిహేను పైసల కార్డుతో ఈ వరదేమిటని తపాలా శాఖ వారు పోటీల కోసమని విడిగా రెండు రూపాయల కార్డు తేవాల్సి వచ్చింది! నిజామాబాద్‌లో మా వీధి పిల్లలం ఆదివారం రాత్రి జవాబుల మీద జుట్లు పట్టుకున్నంత పని చేసేవాళ్లం. 2001లో ఆ కార్యక్రమం ముగిసింది. ఇప్పటికీ మా ఈడు వాళ్లు కలిస్తే రేణుక నవ్వు ప్రస్తావన రాక మానదు.

ఇంతకీ మా అన్నకి నార్మ్ ఎందుకు నచ్చాడు? అడిగితే, "మన వడ్ల తాత లెక్కనే ఉండె చెల్లే, గంతే" అన్నాడు. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో మా వైపు చెరకు విరగబండింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. పొలాల్లోని చెరకు అక్కడికి చేరాలంటే బండ్లు కావాలి, బండ్లకు చక్రాలు కావాలి, చక్రాలకు వడ్లాయన కావాలి. చెరకు కొట్టడం మొదలవకముందే మా పెదనాన్న వాళ్ల వాకిట్లో తాత తుమ్మకర్రలు దింపేవాడు. మాకదే టీవీ. బాడిసెతో చెక్కుతుంటే కర్ర చక్రపు ఆకుగా మారడం కళ్లప్పగించి చూసేవాళ్లం. "రందా ముట్టకు బిడ్డా, ఏళ్లు తెగుతయ్" అనేవాడు. కళ్లద్దాల బోధ కంటే ఇదేం తక్కువ?

అసలు తమాషా ఆఖర్న ఉండేది. పిడకల మంటలో ఇనుప పట్టా ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకుని చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు గుమ్మరించేవాళ్లు. బుస్సుమని పొగ. వేడికి సాగిన ఇనుము చల్లబడి ముడుచుకుంటుంది, చక్రం అతుకులన్నీ బిగిసిపోతాయి. చప్పట్లు కొట్టేవాళ్లం. పెద్దమ్మ మాత్రం పొట్టు ఏరి పొయ్యిలోకి దాచేది. ఆయన చెత్త కుప్ప కూడా చిన్నదే!

తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, బండ్లు తగ్గాయి. ఓ ఏడు తాత రాలేదు. మరుసటేడూ రాలేదు. కళ్లం దగ్గర ఆయనకిచ్చే మేర కొలవడం ఆగింది. అంతే. ఇదే చివరిసారని చెప్పినవాళ్లు లేరు, కార్డు రాసినవాళ్లు లేరు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడితే ధర్నాలు జరిగాయి, పత్రికలు రాశాయి. జరగవలసిందే, ఎన్ని కుటుంబాల కూడు! కానీ ఆ ఫ్యాక్టరీకి చెరకు మోసిన చక్రాలు చేసినవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయారు.

టీవీ వాడికైతే ఆఖరి భాగమంటూ ఒకటుంటుంది. తేదీ ఉంటుంది, కార్డు రాయడానికి చిరునామా ఉంటుంది. వాకిట్లో పనిచేసినవాడికి అవేవీ ఉండవు. ఎక్కడో బోస్టన్ వడ్రంగి కోసం మా అన్న పడ్డ దిగులులో సగం మా తాతకు చెందాల్సిందే అనిపిస్తుంది నాకు. మొదటిసారి ఎవరికీ చెప్పుకోలేకపోయిన దిగులు, ఏళ్లు గడిచాక ఇంకో వడ్రంగి పేరు మీద బయటపడింది, అంతే.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఏ వీధికి పోయినా ప్లైవుడ్ కోసే మిషన్ మోతే. అయినా ఎక్కడో ఓ మూల రందా చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంటుంది. మీ చెవినిగాని పడితే ఓ నిమిషం ఆగండి. "ఏం చేస్తున్నవ్ తాతా?" అని అడగండి. ఆయన తల ఎత్తకుండానే జవాబు చెబుతాడు, పని మాత్రం ఆపడు. మీరు చూస్తూ నిలబడండి.