జర్మనీకి ఎన్ని పేర్లు?

మా ఆస్పత్రిలో పోయిన చలికాలం ఇద్దరు వృద్ధులు పక్కపక్క మంచాల మీద ఉండేవారు. ఒకాయన స్పానిష్ మాట్లాడేవారు, రెండో ఆయన ఇటాలియన్. అక్కడి జర్మన్ నర్సును ఒకరు ‘అలెమానా’ అంటే, మరొకరు ‘తెదెస్కా’ అనేవారు. రెండు భాషలూ లాటిన్ బిడ్డలే గదా, ఇంత ఎడమేమిటని మేము పుస్తకాలు తిరగవేశాము.

లాటినులో మాట లేక కాదు. రైన్ నది ఆవలి వారిని సీజర్ జెర్మానులన్నాడు, టాసిటస్ క్రీ.శ. 98లో వారి మీద గ్రంథమే వ్రాశాడు. అయితే మూడవ శతాబ్దం నుంచీ ఆ నది ఎగువన ‘అలమన్ని’ అనే తెగలు బలపడ్డాయి. ‘మనుషులందరూ’ అని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఫ్రాన్సు వైపు వారికి రోజూ కయ్యమూ వియ్యమూ వీరితోనే. పొరుగింటి వాడి పేరే ఊరంతటికీ పెట్టినట్లు, దేశమంతా ‘అల్మాన్య్’ అయింది. స్పానిష్, పోర్చుగీసులదీ అదే మాట. అరబ్బీ, తుర్కీల్లో కూడా అదే వినిపిస్తుంది.

ఇటలీ వారిది చిత్రమైన సంసారం. దేశం ‘జెర్మానియా’, మనిషి మాత్రం ‘తెదెస్కో’. ఇది ‘జనం’ అనే అర్థంగల పాత జర్మానిక్ మాట నుంచి వచ్చింది. లాటిన్ మార్గమైతే ఇది దేశి అన్నమాట. 786 నాటి ఒక లాటిన్ లేఖలోనే ‘థియోడిస్కుస్’ రూపం కనబడుతుంది. జర్మనులు తమను తాము ‘డాయిచ్’ అనుకునేదీ ఈ మాటతోనే.

రుమేనియా వారు జర్మనును ‘న్యామ్ట్స్’ అంటారు. ఇది స్లావుల దగ్గర తెచ్చుకున్న మాట, మూలార్థం మూగవాడు! వైద్యులం గనుక చెబుతున్నాము: లోపం ఆ గొంతులో లేదు, విన్న చెవిలో ఉంది.

మనకు మాత్రం తక్కువ పేర్లా? తమిళులకు ఉత్తరాది వాళ్ళం గనుక వడుగులం. పోర్చుగీసు వారు అన్యమతస్థులను ‘జెంతియు’ అనేవారు. ఇంగ్లీషువారు దాన్ని ‘జెంటూ’ చేసి మద్రాసులో మన భాషకు తగిలించారు. 1817లో అక్కడ అచ్చయిన విలియం బ్రౌన్ వ్యాకరణం పేరులోనూ తెలుగు ‘జెంటూ’యే. (మన సి.పి. బ్రౌన్ కాదు, వేరొకాయన.)

అన్నట్లు ఆ స్పానిష్ పెద్దాయన మమ్మల్ని ‘ఇందూ’ అని పిలిచేవారు. వారి వాడుకలో ఇండియా వాళ్ళెవరైనా ఇందూలే. రాత్రి డ్యూటీకి వచ్చే మా హైదరాబాదు ముస్లిం మిత్రుడినీ అలాగే పిలిచేవారు. ఆయన నవ్వి, ముందు బి.పి. చూసేవారు.