ఇబ్నుస్సబీల్: 1990 ఎడారి దారిలో తెలుగు ముసాఫిర్లు

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పరిసరాలు, అశోక్ నగర్, నారాయణగూడ వీధులు పోటీ పరీక్షలకు చదివే యువకులతో నిండి ఉంటాయి. వారిని అడగదగిన ప్రశ్న ఒకటుంది: 1990లో కువైట్ భారతీయులను ఎయిరిండియా ఎన్ని విమానాలలో స్వదేశానికి చేర్చింది? 59 రోజులలో 488 విమానాలు అన్నది జవాబు. జవాబు సరైనదే. అయితే ఆ విమానాలలో అత్యధికం ఎగిరింది కువైట్ నుంచి కాదు, జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి. కువైట్‌కూ అమ్మాన్‌కూ నడుమ సుమారు 1,500 కిలోమీటర్ల నేల ఉంది. ఆ నేల మీద మనవాళ్ళు ఎలా సాగారన్నది ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. చరిత్ర పాఠకులు తెలుసుకోవలసింది అదే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అప్పటికి అక్కడ లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులున్నారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాదుల నుంచి వెళ్ళిన డ్రైవర్లు, కూలీలు, వంటవారు, ఇంటిపని చేసే స్త్రీలు వారిలో ఉన్నారు. విమానాశ్రయం మూతపడింది. ఆగస్టు 24లోగా కువైట్‌లోని రాయబార కార్యాలయాలన్నీ మూసివేయాలని ఇరాక్ ఆజ్ఞాపించింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి మాట్లాడి వచ్చారు. సామాన్యులకు మిగిలిన మార్గం ఒక్కటే: బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు. బస్సు దొరికినవారు బస్సులో, కారున్నవారు కారులో, మిగిలినవారు లారీలపైన బయలుదేరారు.

ఈ దారిలో అన్నిటికన్నా కఠినమైనది బాగ్దాద్ నుంచి ట్రెబిల్ సరిహద్దు వరకు గల భాగం. దూరం సుమారు 550 కిలోమీటర్లు. రమాదీ దాటాక రుత్బా వరకు పెద్ద ఊరంటూ కనిపించదు. అటువంటి దారిలో లారీ మీద ఒక పగలు అంటే ఏమిటో ఊహించుకోవాలి. తెల్లవారుజామున బయలుదేరితే మొదటి రెండు గంటలే సుఖం. ఎండ ముదిరేకొద్దీ లారీ రేకు చేయి పెట్టనివ్వదు. మూటల మీదే కూర్చోవాలి. టార్పాలిన్ కడితే గాలి ఆడదు, విప్పితే ఎండా ఇసుకా కొడతాయి. డబ్బాలోని నీళ్ళు వేడెక్కుతాయి, అయినా వాటిని లెక్కపెట్టుకొని తాగాలి. ముందు పిల్లలకు, తర్వాత పెద్దలకు. నమాజులో ఖస్ర్, నీరు లేనప్పుడు తయమ్ముమ్ అనే సౌలభ్యాలు షరీఅత్ ముసాఫిరుకు ఎందుకిచ్చిందో ఇటువంటి పగలు బోధపడినంతగా గ్రంథం చదివినప్పుడు బోధపడదు.

సరిహద్దు చేరినా ప్రయాణం ముగియలేదు. ఇరాక్, జోర్డాన్ చెక్‌పోస్టుల నడుమనున్న నిర్జన భూమిలో వేలాదిమంది గుడారాలలో, కొందరు గుడారమైనా లేకుండా, రోజుల తరబడి వేచి ఉన్నారు. అప్పటికి నలభై లక్షల జనాభా కూడా లేని జోర్డాన్ మీద అనేక దేశాల శ్రామికుల భారం ఒక్కసారిగా పడింది.

ఇక్కడ మన ఫిఖ్‌హ్ పరిభాషలోని ఒక మాట గుర్తుకు తెచ్చుకోవాలి. తౌబా సూరాలో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్న ఆయత్‌లో చివరివాడు ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి. స్వస్థలంలో అతడు కలిగినవాడే కావచ్చు. దారిలో చేతిలో ఏమీ లేకపోతే అతడు అర్హుడే. కువైట్ తెలుగువాడి స్థితి అచ్చంగా ఇదే. జులైలో అతడి జేబులోని దీనార్ ఒక కుటుంబాన్ని పోషించింది. ఆక్రమణ తర్వాత దానిని మొదట ఇరాక్ దీనార్‌తో సమానం చేశారు, పిమ్మట చెల్లనే చెల్లదన్నారు. నిన్న ఇంటికి డబ్బు పంపినవాడు నేడు రొట్టె కోసం వరుసలో నిలబడ్డాడు. అతడు స్వభావరీత్యా బీదవాడు కాడు. దారి అతణ్ణి బీదవాణ్ణి చేసింది. ఆ లారీల మీద ముస్లిం, హిందూ, క్రైస్తవ కుటుంబాలు పక్కపక్కనే కూర్చున్నాయి. దాహం అందరిదీ ఒకటే.

తర్వాతి కాలంలో ఈ ప్రయాణానికి ఒక లెక్క కట్టారు. 1991లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి నష్టపరిహార కమిషన్‌ను ఏర్పరచింది. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య ఇరాక్ గానీ కువైట్ గానీ విడిచిపోవలసి వచ్చిన వ్యక్తికి 2,500 డాలర్లు, మరే ఇతర వ్యక్తిగత క్లెయిమూ పెట్టుకోనివారికి 4,000. కుటుంబానికి 5,000 లేక 8,000. సొమ్ము ఇరాక్ చమురు ఆదాయం నుంచి వచ్చింది. కమిషన్ తుది చెల్లింపు 2022 జనవరిలో జరిగింది. ఆస్తి పోయిందని కాక, వెళ్ళిపోవలసి వచ్చిందన్న ఒక్క కారణానికే పరిహారం ఇవ్వడం గమనించదగినది. అయితే ఏ తేదీన వెళ్ళిపోయిందీ రుజువు చూపాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయిన పనిమనిషి ఏ ముద్ర చూపగలదు?

ప్రభుత్వాలు విమానాలను లెక్కించాయి, కమిషన్ దరఖాస్తులను లెక్కించింది. దారిని లెక్కించినవారు లేరు. ఆనాడు ముప్ఫై ఏళ్ళున్నవారు ఇప్పుడు అరవై దాటారు. రాయచోటిలో, రాజోలులో, హైదరాబాదు పాతబస్తీలో వారింకా మన మధ్యనే ఉన్నారు. ఎవరు నీళ్ళు పంచారో, ఎవరు పంచలేదో వారికి తెలుసు. చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకునే యువకుడు ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకొని తన ఊరి పెద్దమనిషి ముందు కూర్చుంటే, ఏ అరలోనూ లేని ఒక పుస్తకానికి మొదటి పేజీ తయారవుతుంది.